పందిరి వేయడం మన వంతు

(సొసైటీ వార్షిక సమావేశంలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సమావేశంలో ఆరోగ్య కమిటీ లెక్కలు చదువుతుంది. ఎంతమందికి మందులు కొన్నామో, ఎంతమందికి ఆపరేషన్ ఖర్చు కట్టామో చెప్పి కూర్చుంటాం. ఈసారి లెక్కల కన్నా ముందు రెండు గాయాల సంగతి చెప్పాలి. ఒకటి కంటిది, ఒకటి కాలిది. రెండిట్లోనూ మీరిచ్చిన డబ్బు ఉంది. రెండిట్లోనూ మా పొరపాటు కూడా ఉంది.

మొదటిది కంటి సంగతి. ఒక రంజాన్‌కు పది రోజుల ముందు మన పేటలో ఒక ఇంటికి వెల్ల వేస్తున్నారు. తొట్టిలో కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోశారు. అది ఉడికి చిందే సమయానికి ఆరేళ్ళ పిల్లవాడు తొంగి చూశాడు. కుడి కంట్లో సున్నం పడింది. మన కార్యకర్తలు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఒకరు ఆటో కోసం బెంజ్ సర్కిల్ వైపు పరుగెత్తారు. ఇంకొకరు మాకు ఫోన్లు చేశారు. ఈలోగా ఇంట్లోవాళ్ళు కంట్లో ఆముదం చుక్కలు వేశారు. ఆసుపత్రికి చేరేసరికి ముప్పావు గంట అయింది. అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఎంతసేపు కడిగారు?" మేము తలలు దించుకున్నాం. ఆ ఇంటి పక్కనే మసీదు ఉంది. అందులో వుజూ కుళాయిలు ఎనిమిది ఉన్నాయి. మాకు ఎవరికీ తోచలేదు.

సున్నం ఎందుకంత ప్రమాదమో ఆవిడే చెప్పారు. యాసిడ్ పడితే పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి, అది లోపలికి దిగకుండా కొంతవరకు అడ్డు పడతాయి. సున్నం, కాస్టిక్ సోడా లాంటి క్షారాలు అలా ఆగవు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బులా కరిగించుకుంటూ లోపలికి దిగుతాయి. సున్నం నలకలు రెప్పల కింద అతుక్కుని గంటల తరబడి కాలుస్తూనే ఉంటాయి. కిళ్ళీకొట్లలో అమ్మే చిన్న చిన్న సున్నం ప్యాకెట్లను పిల్లలు నొక్కితే పగిలి కంట్లోకి చిమ్ముతాయని మన దేశపు కంటి డాక్టర్లు వైద్య పత్రికల్లో ఎన్నడో హెచ్చరించారు. మన పెళ్ళిళ్ళలో పాన్‌దాన్ పిల్లల చేతికి అందేచోటే ఉంటుంది. ఇది మనకు దూరపు విషయం కాదు.

ఎముక విరిగితే కట్టు కడతాం, అతుక్కుంటుంది. మెత్తని భాగాలు, అంటే చర్మం, చర్మం కింది కండ, కంటి మీది పొర, ఇవి కొద్దిగా పోతే శరీరమే పూడ్చుకుంటుంది. ఎక్కువగా పోతే అక్కడ మచ్చ మాత్రం మిగులుతుంది. చేతి మీద మచ్చ ఉంటే ఏమీ కాదు. కంటి మీద మచ్చ ఉంటే చూపు పోతుంది.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట గుండ్రంగా ఒక సన్నని అంచు ఉంది. దాన్ని లింబస్ అంటారు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. కార్నియా పైవరస కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి. వాటి స్థానంలోకి కొత్త కణాలు ఆ అంచులో ఉన్న మూలకణాల నుంచి వస్తాయి. మన డెల్టా రైతు మాటలో చెప్పాలంటే ఆ అంచు నారుమడి, కార్నియా పొలం. సున్నం నారుమడిని కాల్చేస్తే పొలంలో వరి రాదు, కలుపు వస్తుంది. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకి, ఎర్రగా, మందంగా కమ్మేస్తుంది. అలాంటి కంటికి చనిపోయినవారి కార్నియా తెచ్చి వేసినా నిలవదు. నారు లేని పొలంలో ఒక పంట నాటినంత మాత్రాన మరుసటి పంట ఎక్కడ నుంచి వస్తుంది?

ఈ చిక్కుకు దారి చూపినవాళ్ళలో మన తెలుగునేల మీద పనిచేసినవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు మంచి కంటి అంచు నుంచి కణాలు తీసి, ల్యాబులో పెంచి, పాడైన కంటికి వేయవచ్చని ఇద్దరు రోగులలో చూపించారు. 2001 నుంచి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ వీరేంద్ర సింగ్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి తదితరులు ఆ పనిని మన రోగులకు చేయడం మొదలుపెట్టారు. 2006లో డాక్టర్ సంగ్వాన్‌కు శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఆ సంస్థ పెట్టింది మన కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు. దానికి స్థలం, విరాళం ఇచ్చింది ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం. 2011 నుంచి ఆ సంస్థ ప్రాంగణం ఒకటి పటమట నుంచి బందరు రోడ్డు మీద కానూరు దాటగానే వచ్చే తాడిగడపలో కూడా ఉంది. దాతలు ఇచ్చినదే పునాదిగా లేచిన సంస్థ అది. అందుకే దాతల సభలో ఈ మాట చెబుతున్నాం.

ల్యాబులో పెంచే పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. అది నారు పోసి, పెంచి, పీకి, ఊడ్చినట్టు. నారు పెరగడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. దానికి ప్రత్యేకమైన శుభ్రమైన గదులు, యంత్రాలు, నిపుణులు కావాలి. యూరప్‌లో ఇలాంటి చికిత్సకు 2015లో అనుమతి వచ్చింది గాని, ఖర్చు చూస్తే పేదవాడికి అందేది కాదు. హైదరాబాద్ డాక్టర్లు 2012లో ఒక సులువైన పద్ధతిని వైద్య పత్రికలో ప్రకటించారు. రెండో కన్ను బాగుంటే, దాని అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది తునకలు చేస్తారు. పాడైన కంటిని శుభ్రం చేసి, దాని మీద ఒక పలచని పొర పరిచి, తునకలను ఆ పొర మీద అక్కడక్కడ పెడతారు. రక్తంలో ఉండే గడ్డకట్టే పదార్థంతో చేసిన జిగురుతో అంటిస్తారు. పైన కాంటాక్ట్ లెన్స్ కప్పుతారు. ల్యాబు అక్కర్లేదు. కన్నే నారుమడి. మన రైతులు ఊడ్పులు మాని దమ్ము చేసిన మడిలో నేరుగా విత్తనం వెదజల్లినట్టే. ఈ పద్ధతిని స్లెట్ అంటారు. 2016లో ప్రకటించిన ఫలితాల్లో 125 కళ్ళకు ఈ ఆపరేషన్ చేస్తే 95 కళ్ళలో పొర నిలిచింది. అంటే 30 కళ్ళలో నిలవలేదు. ఈ రెండు సంఖ్యలనూ మీ ముందు పెట్టడం మా బాధ్యత.

ఇక ఆ పలచని పొర ఏమిటో చెప్పాలి. కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు నింపుకుని ఉండే సంచి లోపలి పొర అది. డాక్టర్లు ఆమ్నియాటిక్ మెంబ్రేన్ అంటారు, మనం ఉమ్మనీటి పొర అందాం. కాన్పు తర్వాత మాయతో పాటు బయటికి వస్తుంది. దానిలో రక్తనాళాలు లేవు. వాపును తగ్గించే గుణం ఉంది. మరొకరి శరీరం మీద వేసినా సాధారణంగా శరీరం దాన్ని తిప్పికొట్టదు. కణాలు పట్టుకుని పాకడానికి వీలైన కొల్లాజెన్ అల్లిక దానిలో ఉంది. 1910లోనే అమెరికాలో చర్మం పోయినచోట ఇలాంటి పొరలు వేసి చూశారు. 1940 నుంచి కంటికి వాడిన దాఖలాలు ఉన్నాయి. 1990ల తర్వాత కంటి వైద్యంలో స్థిరపడింది.

మన పిల్లవాడికి మొదటి వారంలోనే కంటి మీద ఈ పొర పరిచారు. మంట తగ్గింది. కన్ను శాంతించడానికి నెలలు పట్టింది. ఆ తర్వాత రెండో కంటి అంచు నుంచి ముక్క తీసి స్లెట్ చేశారు. ఇప్పుడు ఆ కన్ను నీరు కారకుండా, నొప్పి లేకుండా తెరుచుకుంటుంది. ఆ కంటితో మనుషులను గుర్తుపడతాడు, వీధి దాటగలడు. పుస్తకంలో చిన్న అక్షరాలు మాత్రం చదవలేడు. అల్హమ్దులిల్లాహ్, వచ్చినదానికి కృతజ్ఞులం. కాని మొదటి ముప్పావు గంటలో కడిగి ఉంటే ఎంత మిగిలేదో అన్న ప్రశ్న మమ్మల్ని వదలదు.

రెండో గాయం కాలిది. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక పెద్దాయనకు పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. అరికాల్లో పుండు పడింది. నెలలు గడిచినా మానలేదు. కొల్లాజెన్ షీట్లు వేస్తే మానుతుందని ఎవరో చెప్పారు. మేము దాతల డబ్బుతో రెండు షీట్లు కొనిచ్చాం. పుండు మానలేదు. చివరికి రెండు కాలివేళ్ళు తీసేయాల్సి వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కాలికి రక్తం సరిగా అందడం లేదు. ఆయన అదే పుండు మీద బరువు వేసి రోజంతా మిషన్ ముందు నిలబడుతున్నారు. షీటు బిల్లు కట్టే ముందు ఈ రెండు విషయాలూ మేము ఎవరినీ అడగలేదు.

షీటు చెడ్డది కాదు. 1981లో బోస్టన్‌లో డాక్టర్ జాన్ బర్క్, శాస్త్రవేత్త అయోనిస్ యానస్ ఆవు కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థిలో దొరికే ఒక పదార్థాన్ని కలిపి, పైన సిలికోన్ పొర వేసి, తీవ్రంగా కాలిన రోగులకు కృత్రిమ చర్మంగా వేశారు. ఆ అల్లికలోకి రోగి సొంత కణాలు, రక్తనాళాలు పాకి కొత్త అడుగుపొరను కట్టుకున్నాయి. అల్లిక మెల్లగా కరిగిపోయింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న చాలా కొల్లాజెన్ షీట్ల వెనక ఉన్న ఆలోచన ఇలాంటిదే. అవి పందిరి లాంటివి. బీరతీగకు పందిరి వేస్తే పాకుతుంది. వేరుకు నీళ్ళు లేకపోతే ఎంత ఖరీదైన పందిరి వేసినా ఎండుతుంది. కాలికి రక్తం వేరునీరు లాంటిది. షుగర్ అదుపు, చెడిన కండ తీసేయడం, పుండు మీద బరువు పడకుండా చెప్పు మార్చడం, ఇవన్నీ పాదు చేయడం లాంటివి. మేము పాదు చేయకుండా పందిరి కొన్నాం.

ఇక్కడ ఉలమాలు, దాతలు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ పదార్థాలు దేని నుంచి తీస్తారు? సూటిగా చెబుతాం. బక్రీద్‌కు మనం సేకరించి అమ్మే ఖుర్బానీ చర్మాల్లో ప్రధానంగా ఉండే మాంసకృత్తి కొల్లాజెనే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948 నుంచి తోళ్ళ మీద పనిచేస్తూ, కొల్లాజెన్‌ను వైద్యానికి వాడే విషయంలోనూ పరిశోధన చేసింది. పశువుల నుంచి తీసినవి ఉన్నాయి. చేప చర్మంతో చేసినవి ఉన్నాయి. పంది నుంచి తీసినవీ ఉన్నాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తయారుచేసి, 2023లో అనుమతి పొందిన గాయపు పొర పంది పిత్తాశయం నుంచి వచ్చిందే. మనిషి ఇచ్చే ఉమ్మనీటి పొర వేరే. కాబట్టి రోగి తరఫున డాక్టరును "ఇది దేని నుంచి చేశారు, దీనికి బదులు ఇంకొకటి ఉందా" అని అడగడం తప్పు కాదు. చాలాసార్లు బదులు దొరుకుతుంది. దొరకనప్పుడు, అవయవమో ప్రాణమో పోయే స్థితిలో జరూరత్ కింద ఏం చేయాలో మీ నమ్మకమైన ఆలిమ్‌ను అడగండి. మా కమిటీ ఫత్వా ఇవ్వదు. రోగికి సమాచారం మాత్రం దాచదు.

ఉమ్మనీటి పొర గురించి మన ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న ఇంకా లోతైనది. మాయను పూడ్చిపెట్టడం మన ఆనవాయితీ. దాన్ని ఇవ్వవచ్చా? మేము మన పేట ఆలిమ్‌లను అడిగాం. తల్లి మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, అమ్మకం కాకూడదు, రోగి చికిత్సకే వాడాలి, మిగిలినదాన్ని గౌరవంగా పూడ్చాలి అన్నారు. ఈ షరతులతో ఇవ్వడంలో అభ్యంతరం కనిపించదన్నారు. సందేహం ఉన్న కుటుంబం తమ ఆలిమ్‌ను విడిగా అడగాలని కూడా చెప్పారు. ఈ పొరను సాధారణంగా ముందే తేదీ ఖాయమైన సిజేరియన్ కాన్పుల్లో, ఆపరేషన్ థియేటర్లోనే, తల్లి సంతకంతో తీసుకుంటారు. ఎయిడ్స్, పచ్చకామెర్ల వైరస్‌లు, సిఫిలిస్ లేవని తల్లి రక్తాన్ని పరీక్షిస్తారు. తల్లికి గాని బిడ్డకు గాని ఒక్క చుక్క నష్టం లేదు. ఒక్క మాయ పొర నుంచి ఎన్నో ముక్కలు వస్తాయి. పేదవాడు కూడా ఇవ్వగలిగిన దానం ఇది. జకాత్ ఇచ్చే స్తోమత లేని తల్లి కూడా ఒక పిల్లవాడి కంటికి పందిరి వేయగలదు.

ఇంకొక జాగ్రత్త. 2022లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి మనిషి కార్నియా పదార్థంతో త్రీడీ ప్రింటర్ మీద కార్నియాను చేసి కుందేలు కంటికి అమర్చాయి. మనకు గర్వకారణం. కాని కుందేలు నుంచి మనిషి దాకా దూరం ఎక్కువ. ఈలోగా "స్టెమ్ సెల్" అన్న పేరుతో మోకాలి నొప్పి నుంచి పక్షవాతం దాకా అన్నిటికీ లక్షలు అడిగే ప్రకటనలు వస్తున్నాయి. రుజువు కాని ఇలాంటి చికిత్సల గురించి భారత వైద్య పరిశోధన మండలి హెచ్చరించింది. ఏ రోగి అయినా అలాంటి కాగితం పట్టుకుని వస్తే, రెండో డాక్టరు అభిప్రాయం లేకుండా మీ డబ్బు ఒక్క రూపాయి కూడా విడుదల చేయం.

ఇప్పుడు మేము మీ ముందు పెట్టే కోరికలు మూడు.

మొదటిది నీళ్ళు. మన మసీదుల వుజూ కుళాయిల దగ్గర, ఆటోనగర్‌లో మనవాళ్ళ బ్యాటరీ, పెయింటింగ్, వెల్డింగ్ షాపుల్లో ఒక బోర్డు పెడతాం. కంట్లో సున్నం, యాసిడ్, కాస్టిక్ పడితే ఆటో కోసం చూడకుండా ముందు కుళాయి కింద రెప్పలు విప్పి అరగంట కడగాలి, నూనె గాని పాలు గాని వేయకూడదు, కడిగిన తర్వాత వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. బోర్డులో ఉండేది ఇంతే. దీనికయ్యే ఖర్చు ఒక కొల్లాజెన్ షీటు ఖర్చు కన్నా తక్కువ. ఇది ఒకరి చేతికిచ్చే సొమ్ము కాదు కనుక జకాత్ ఖాతా నుంచి తీయం, లిల్లాహ్ ఖాతా నుంచే తీస్తాం.

రెండోది వెంట నడవడం. ఆపరేషన్ బిల్లు కట్టడానికి దాతలు ముందుకొస్తారు. ఆ తర్వాత నెలల తరబడి వేయాల్సిన చుక్కల మందు, కంటిలో ఒత్తిడి పరీక్షలు, బస్సు ఖర్చు, బిడ్డతో వెళ్ళిన రోజు తల్లి పోగొట్టుకునే కూలి, వీటికి ఎవరూ ఇవ్వరు. వేసిన పొర జారిపోయేది, పుండు తిరగబెట్టేది ఈ దశలోనే. అర్హులైన కుటుంబాల చేతికే ఈ సొమ్ము జకాత్‌గా అందిస్తాం. కాలి పుండు రోగి వస్తే మాత్రం షుగర్ ఎంత, కాలికి రక్తం అందుతోందా, బరువు పడకుండా ఏం చేశారు అన్న మూడు ప్రశ్నలకు డాక్టరు జవాబు రాసిస్తేనే షీట్లకు డబ్బు కడతాం.

మూడోది మాట. మీ ఇంట్లో సిజేరియన్ కాన్పు ఉంటే, ఉమ్మనీటి పొర ఇచ్చే వీలుందా అని ఆసుపత్రిని ఒక్కసారి అడగండి. ఆ మాట ఆ తల్లితో ముందు ఆడవాళ్ళే మాట్లాడాలి. బలవంతం వద్దు.

స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్. వైద్యం చేయించుకొమ్మని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. ఈ రెండు గాయాల నుంచి మేము నేర్చుకున్నది కూడా అదే దారిలో ఉంది. మూలకణాన్ని పాకించేది మనం కాదు. రక్తనాళాన్ని అల్లికలోకి పంపేది మనం కాదు. పాదు చేయడం, నీళ్ళు పోయడం, పందిరి వేయడం, ఎండకుండా చూసుకోవడం వరకు మన వంతు. ఆ వంతులో కిందటిసారి మేము తప్పాం. ఇన్షా అల్లాహ్ ఇక తప్పం. మీ దుఆలో ఆ పిల్లవాడిని, ఆ పెద్దాయనను తలచుకోండి.